‘పర్యావరణ హితమైన జిన్’ అని లేబుల్ మీద వేయొచ్చా?

ప్రశ్న: లైసెన్సు ఉన్న డిస్టిలరీలో కొద్ది కొద్ది బ్యాచ్‌లుగా జిన్ తీయించి, మా సొంత బ్రాండ్‌తో అమ్మాలనుకుంటున్నాం. రీసైకిల్ చేసిన గాజు సీసా, కార్క్ బిరడా, అట్టపెట్టె వాడుతున్నాం. లేబుల్ మీద ‘స్థానికం, చిన్న బ్యాచ్, పర్యావరణ హితం’ అని వేస్తే చిక్కులొస్తాయా? ఖాళీ సీసా తెచ్చినవాళ్లకు మళ్లీ నింపి తక్కువకు ఇవ్వొచ్చా?

జవాబు: రెండో ప్రశ్న త్వరగా తేలిపోతుంది, ముందు అది చూద్దాం. ఇవ్వకూడదు. మద్యం రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 8వ అంశం. తయారీ, సీసాల్లో నింపడం, అమ్మకం అన్నీ రాష్ట్ర ఎక్సైజ్ చట్టం అనుమతించిన చోటే జరగాలి. మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది కాబట్టి, ‘పర్యావరణం కోసమే కదా’ అన్న వాదన నిలవదు. దుకాణంలో సీసా మళ్లీ నింపడాన్ని మీరు రీఫిల్ అంటారు, కేసు రాసే అధికారి అక్రమ మద్యం అంటాడు. ఖాళీ సీసాలు వెనక్కి తీసుకుని, డిస్టిలరీలోనే కడిగించి, అక్కడే నింపి కొత్త సీలు వేయించడం వేరే సంగతి. దానికైనా ఎక్సైజ్ శాఖ నుంచి రాతపూర్వక అనుమతి ముందే పుచ్చుకోండి.

ఇక లేబుల్. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. గ్రీన్‌వాషింగ్ (లేని పర్యావరణ హితాన్ని ఉన్నట్టు చూపించడం) మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు తెచ్చింది. ‘గ్రీన్’, ‘ఎకో ఫ్రెండ్లీ’, ‘సస్టెయినబుల్’, ‘నేచురల్’ లాంటి మాటలు వట్టిగా వాడకూడదు. పక్కన వివరణ, వెనక ఆధారం ఉండాలి. చెప్పేది వస్తువు మొత్తానికా, ప్యాకింగుకా, తయారీకా అన్నది తేటగా తెలియాలి. మీరు మార్చింది సీసాను, పెట్టెను మాత్రమే. లోపలి సరుకును మరిగించడానికి ఇంధనం, ఆవిరిని చల్లార్చడానికి నీళ్లు ఖర్చవుతూనే ఉన్నాయి. ‘పర్యావరణ హితమైన జిన్’ అంటే మీరు సీసా గురించే అంటున్నారని కొనేవాడికి ఎలా తెలుస్తుంది? అందుకని ‘ఈ సీసా గాజులో ఇంత శాతం రీసైకిల్ చేసినది’ అని రాయండి. ఆ శాతానికి సీసాల తయారీదారు నుంచి ధ్రువపత్రం తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. సరఫరాదారు మారితే పత్రమూ మారాలి.

‘ప్లాస్టిక్ లేనిది’ అనే కోరిక పుడితే ముందు బిరడా పైభాగం, మెడ చుట్టూ వేసే తొడుగు, పెట్టె మీది లామినేషన్ చూసుకోండి. కాగితపు సీసాకు మారదామని ఎవరైనా సలహా ఇచ్చినా అంతే, ద్రవం నిలవడానికి చాలావాటి లోపల ప్లాస్టిక్ సంచి పెడతారు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం 21వ సెక్షన్ కింద 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడవచ్చు. చిన్న సంస్థకు అది తట్టుకోలేని దెబ్బే.

‘చిన్న బ్యాచ్’ మీద నాకు పెద్దగా అభ్యంతరం లేదు, సీసా మీద బ్యాచ్ నంబరు వేసి, రికార్డుల్లో లీటర్ల లెక్క చూపగలిగితే చాలు. ‘స్థానికం’ మాత్రం జారుడు మాట. జూనిపర్ పండ్ల రుచి లేనిదే జిన్ కాదు. ఆ పండ్లు ఎక్కడివి? జిన్‌కు మూలమైన న్యూట్రల్ స్పిరిట్ (రుచీ వాసనా లేని గాఢమైన ఆల్కహాల్) సొంతంగా తీస్తున్నారా, పెద్ద డిస్టిలరీ నుంచి కొంటున్నారా? రెండూ బయటివే అయితే ‘ఫలానా ఊళ్లో డిస్టిల్ చేసినది’ అనడం మేలు. అది నిజం, అమ్మకానికీ పనికొస్తుంది.

మీరు అడగలేదు గానీ, సీసా కథ పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియోలు పెట్టే ఆలోచన ఉంటే ఆగండి. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద అదే సంస్థ తెచ్చిన 2022 మార్గదర్శకాలు ముసుగు ప్రకటనలను (మద్యం లాంటి నిషిద్ధ సరుకును వేరే వస్తువు పేరుతో ప్రచారం చేయడాన్ని) నిషేధించాయి, అలాంటి వీడియో ఆ కిందికి రావచ్చు. ఆరోగ్యానికి మంచిదన్న ధ్వని లేబుల్ మీద ఎక్కడా ఉండకూడదు. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పిన హెచ్చరికను డిజైనరు అందం కోసం మూలకు నెట్టకుండా చూడండి. నమూనాకు ఎక్సైజ్ ఆమోదం వచ్చాకే ప్రింటుకు ఇవ్వండి. ముందే వేలకొద్దీ వేయించుకుంటే, ఒక్క మాట మార్చమన్నా ఆ రీసైకిల్ కాగితమంతా మళ్లీ రీసైక్లింగుకే పోతుంది.