స్టాంపు పేపరు విడాకులు ఆస్పత్రిలో చెల్లవు

ప్రశ్న: నా వయసు 28. ఆడపిల్లగా పుట్టాను, మగవాడిగా బతుకుతున్నాను. 2019 ఫిబ్రవరిలో ఇంట్లోవాళ్లు బలవంతంగా పెళ్లి చేశారు. 2020 నవంబరులో అత్తగారింటి నుంచి వచ్చేశాను. 2021 మార్చిలో పెద్దమనుషులు కూర్చుని వంద రూపాయల స్టాంపు పేపరు మీద తెగతెంపులు రాయించారు. పిల్లలు లేరు. 2023లో కలెక్టరు గారి నుంచి ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు వచ్చింది. రెండేళ్లుగా హార్మోన్లు వాడుతున్నాను. ఛాతీ ఆపరేషనూ, గర్భసంచి, అండాశయాల తొలగింపూ ఒకేసారి చేయించుకుందామనుకుంటే ఆస్పత్రివాళ్లు భర్త సంతకం తెమ్మంటున్నారు. అమ్మానాన్నలు మాట్లాడటమే మానేశారు, వాళ్ల సంతకం కూడా కావాలా? బలవంతపు పెళ్లి కదా, రద్దవుతుందా? పెళ్లి కాలేదని నోటరీ అఫిడవిట్ ఇస్తే సరిపోతుందని ఒకరు చెప్పారు. నిజమేనా?
– ఓ పాఠకుడు, కాకినాడ జిల్లా

జవాబు: మీరు పంపిన ఉత్తరం ఆరు పేజీలు. అయిదు పేజీలు అమ్మానాన్నల గురించే. మీ కేసులో వాళ్లకు చోటే లేదు. తేలాల్సింది ఒక్కటే: ఈ రోజున చట్టం లెక్కలో మీకు పెళ్లయి ఉందా, లేదా? ఉంది.

పెద్దమనుషుల కాగితం విడాకులు కాదు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 29(2) కులాచారం ప్రకారం జరిగే విడాకులను కాపాడుతుంది, నిజమే. కానీ ఆ ఆచారం మీ కులంలో తరతరాలుగా ఉందని సాక్ష్యాలతో కోర్టులో రుజువు చేయాలి. సర్జన్ ముందు రుజువు చేస్తానంటే కుదరదు. గుర్తింపు కార్డు వచ్చినంత మాత్రాన పెళ్లి దానంతటదే రద్దు కాదు.

ఆస్పత్రివాళ్లు సంతకం అడగడం వేధింపు అనుకుంటున్నారు. కాదు. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళిలో 7.16 అనే నియమం ఉంది. పిల్లలు పుట్టే అవకాశం పోయే ఆపరేషన్‌కు భార్యాభర్తలిద్దరి సమ్మతీ కావాలంటుంది. తప్పితే డాక్టరు మెడికల్ కౌన్సిల్ ముందు దోషి. 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు వచ్చాయి గానీ ఆ నెలలోనే వాటిని పక్కనపెట్టి పాతవాటినే అమల్లోకి తెచ్చారు. పైగా, వైద్య కారణం లేకుండా, జీవిత భాగస్వామికి తెలియకుండా ఇలాంటి ఆపరేషన్ చేయించుకుంటే అది మానసిక క్రూరత్వం కింద రావచ్చని సుప్రీంకోర్టు 2007లో సమర్ ఘోష్ కేసులో చెప్పింది. మీది వైద్య అవసరమేనని మీరు వాదించవచ్చు. కానీ ఆ వాదన కోర్టులో చేసుకోవాల్సిన పరిస్థితి ఎందుకు కొని తెచ్చుకోవడం?

నియమాన్ని జాగ్రత్తగా చదవండి. అది సంతానం పోయే ఆపరేషన్ గురించి మాత్రమే. ఛాతీ ఆపరేషన్‌తో ఆ సంగతి లేదు. దానికి మీ సంతకం చాలు. రెండూ ఒకే రోజు, ఒకే మత్తుమందుతో అయిపోవాలన్న తొందర వల్లే మొత్తం ఫైలు ఆగింది. విడదీయండి. ఛాతీ ఆపరేషన్‌కు వేరే సమ్మతి పత్రం, వేరే అంచనా ఖర్చు కాగితం అడగండి.

అమ్మానాన్నల సంతకం అక్కర్లేదు. సమీరా కోహ్లీ కేసులో (2008) రోగి మత్తులో ఉండగా తల్లి సంతకం తీసుకుని గర్భసంచి తీసేస్తే, మేజరైన రోగి తరఫున తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. ఆస్పత్రిలో 'అటెండర్' సంతకం అడుగుతారు. అది పక్కన ఉండి చూసుకునే మనిషి కోసం. స్నేహితుడైనా పెట్టవచ్చు. అతని పేరు మీరే ముందుగా రాసివ్వండి.

ఇక అఫిడవిట్. ఆ సలహా ఇచ్చిన మనిషి గడప మళ్లీ తొక్కకండి. ఆ కాగితం ఆస్పత్రి బీరువాలో ఆగదు. ఆపరేషన్ తర్వాత 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం సెక్షన్ 7 కింద కార్డు మార్పించుకోవడానికి వెళ్తే అదే ఫైలు కలెక్టరేట్‌కు చేరుతుంది. అబద్ధపు ప్రకటనకు భారతీయ న్యాయ సంహిత 236, 229 సెక్షన్ల కింద మూడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. రేపు అవతలి మనిషి, అంటే మీ భర్త, ఫిర్యాదు చేస్తే, డాక్టరు తనను కాపాడుకోవడానికి ముందుగా బయటపెట్టేది మీ అఫిడవిట్‌నే.

అసలు ఇప్పటికే ఒక అబద్ధం ఫైల్లో ఉంది. మీరు పంపిన సైకియాట్రిస్టు లెటర్ రెండో పేరాలో 'అవివాహితులు' అని ఉంది. డాక్టరు కల్పించలేదు కదా, మీరు చెప్పిందే రాశారు. ఎంత నిర్లక్ష్యం! దాన్ని దిద్దకండి, చింపకండి. డాక్టరు దగ్గరికి వెళ్లి నిజం చెప్పి కొత్త తేదీతో కొత్త లెటర్ తీసుకోండి. అందులో లెటర్‌హెడ్, రిజిస్ట్రేషన్ నంబరు, జెండర్ ఇన్‌కాంగ్రుయెన్స్ (పుట్టుకతో రాసిన లింగం, మనసుకు తెలిసిన లింగం వేరు కావడం) నిర్ధారణ, సమ్మతి ఇచ్చే మానసిక సామర్థ్యం ఉందన్న మాట, మీ పాత, కొత్త పేర్లు రెండూ ఉండాలి. ట్రాన్స్‌జెండర్ల ఆరోగ్యంపై పనిచేసే అంతర్జాతీయ నిపుణుల సంఘం డబ్ల్యూపాత్ 2022లో తెచ్చిన ఎనిమిదో ప్రమాణాల ప్రకారం పెద్దవాళ్లకు ఒక లెటర్ చాలు. పాత పద్ధతిలో జననాంగాల ఆపరేషన్లకు రెండు అడిగేవారు. మీ ఆస్పత్రి ఇంకా రెండు కావాలంటే వాదించకండి. రెండోది తెచ్చివ్వడం తేలిక. హార్మోన్ చీటీలన్నీ తేదీల వరుసలో జత చేయండి.

బలవంతపు పెళ్లి రద్దు గురించి అడిగారు. గడువు దాటిపోయింది. హిందూ వివాహ చట్టం సెక్షన్ 12 ప్రకారం బలవంతం ఆగిన ఏడాదిలోపు పిటిషన్ వేయాలి. కోవిడ్ కాలానికి సుప్రీంకోర్టు ఇచ్చిన మినహాయింపు (2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు) మొత్తం కలిపినా 2023 ఫిబ్రవరితో సరి. ఇందులో మీకూ ఒక లాభం ఉంది. నిజం దాచి మోసగించారని అవతలివాళ్లు రద్దు అడగాలన్నా తెలిసిన ఏడాదిలోపే అడగాలి. 2021 కాగితంలోనే మీ సంగతి రాసి ఉంది కాబట్టి వాళ్లకూ తలుపు మూసుకుపోయింది.

మిగిలింది పరస్పర అంగీకార విడాకులు, అదే చట్టం సెక్షన్ 13బి. ఏడాది విడిగా ఉండి ఉండాలి, మీరు అయిదేళ్లకు పైగానే ఉన్నారు. కోర్టులో మొదటి హాజరుకూ రెండోదానికీ మధ్య ఆరు నెలల విరామం ఉంటుంది. అప్పటికే ఏడాదిన్నర విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు విఫలమై, ఇచ్చిపుచ్చుకోవడాలు తేలిపోతే కోర్టు ఆ విరామాన్ని తీసేయవచ్చని అమర్‌దీప్ సింగ్ కేసులో (2017) చెప్పారు. మొదటి హాజరు అయిన వారానికే దరఖాస్తు వేయవచ్చు. ఇక్కడ మీ స్టాంపు పేపరు పనికొస్తుంది. విడాకులుగా కాదు, ఎప్పటి నుంచి విడిగా ఉన్నారో చెప్పే రుజువుగా.

కానీ ఆ పేపరునూ చూశాను. కాగితం మీద తేదీ మార్చి 12. వెనక స్టాంపు అమ్మిన వెండరు ముద్ర మార్చి 14. స్టాంపు కొనకముందే రాసేశారన్నమాట! భర్త సంతకం చోట అతని తండ్రి సంతకం ఉంది. ఆరు తులాల బంగారం తిరిగిచ్చినట్టు రాశారు గానీ రసీదు లేదు. దీన్నొక్కదాన్నే నమ్ముకోకండి. అప్పటి నుంచి మీరున్న ఇంటి అద్దె ఒప్పందం, జీతం చీటీ, బ్యాంకు చిరునామా మార్పు చేర్చండి. పిటిషన్‌లో మీ పేరు 'పెళ్లినాటి పేరు అలియాస్ ప్రస్తుత పేరు' అని రెండూ రాయించండి. పాత పేరు ఒక్కటే ఉంటే, కొత్త పేరున్న ఆస్పత్రి ఫైలుకు ఆ డిక్రీ (కోర్టు విడాకుల తీర్పు) అతకదు. ఫ్యామిలీ కోర్టు అంగీకారంతో ఇచ్చిన డిక్రీ మీద అప్పీలు లేదు గనుక సర్టిఫైడ్ కాపీ చేతికి రాగానే ఆపరేషన్ తేదీ అడగవచ్చు.

అవతలి మనిషి ఆస్పత్రికే వచ్చి సంతకం పెడతానంటే? చెల్లుతుంది. కానీ థియేటర్‌లోకి వెళ్లే రోజు ఉదయం కూడా వెనక్కి తీసుకోగలడు. నేనైతే డిక్రీనే నమ్ముతాను. అతను కోర్టుకూ రానంటే దారి కష్టం. ఇల్లు వదిలింది మీరు కాబట్టి వదిలేశారన్న కారణం మీకు దక్కదు, క్రూరత్వమే రుజువు చేయాలి. అందుకే అతనితో మంచిగా మాట్లాడే మధ్యవర్తి ఎవరున్నారో ముందు చూసుకోండి.

డిశ్చార్జి రోజున ఖాళీ చేతులతో రాకండి. ఆపరేషన్ నోట్స్, బయాప్సీ రిపోర్టు, రెండు పేర్లూ ఉన్న డిశ్చార్జి సమ్మరీ, సెక్షన్ 7 కోసం మెడికల్ సూపరింటెండెంట్ లేదా చీఫ్ మెడికల్ ఆఫీసర్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. రాతపూర్వకంగా అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి, వాళ్లు దాచి ఉంచాల్సింది మూడేళ్లే. చికిత్సలో లోపం జరిగితే వినియోగదారుల కమిషన్‌కు గడువు రెండేళ్లు.

ఒరిజినల్ స్టాంపు పేపరు ఊళ్లో పెద్దాయన బీరువాలో ఉందన్నారు, మీ దగ్గరున్నది సెల్‌ఫోన్ ఫోటో. ఈ వారమే వెళ్లి దాన్ని తెచ్చుకోండి. ఇవ్వనంటే అడిగినట్టు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపి, రసీదు దాచుకోండి.