వేడుకకి రానివాళ్ల కోసం రాయి

బాబూ,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. విశాఖ వన్‌టౌన్‌లోని సెయింట్ అలోషియస్ ఆంగ్లో-ఇండియన్ స్కూలు 1847లో మొదలైందని, 2027కి 180 ఏళ్లు నిండుతాయని, నీ మొదటి పెద్ద రచన దాని మీదే ఉండాలని అనుకున్నానని రాశావు. చాలా సంతోషం వేసింది. నువ్వు చదివిన బడి, నువ్వు తిరిగిన వీధులు, వాటి వెనక ఇంత పొడవైన కాలం. రాయడం మొదలుపెట్టేవాడికి ఇంత మంచి విషయం తేలిగ్గా దొరకదు. అందుకే మొహమాటపడకుండా నాకు అనిపించిందంతా రాస్తున్నాను.

మొదటి పేజీలో 'విజ్ఞాన జ్యోతి' అన్నావు, 'అక్షర యజ్ఞం' అన్నావు, 'ఎందరో మేధావులను తీర్చిదిద్దిన విద్యాలయం' అన్నావు. అవి అబద్ధాలని నేననను. కానీ ఆ పేజీలో అలోషియస్ పేరు తీసేసి, 1855లో మొదలైన హైదరాబాద్ ఆల్ సెయింట్స్ పేరు పెట్టి చూడు. ఒక్క మాట కూడా మార్చక్కర్లేదు. అదే దాని లోపం. జూబిలీ సావనీర్లు నువ్వూ చూసే ఉంటావు. పీఠాధిపతుల (బిషప్పుల) సందేశం, మంత్రిగారి సందేశం, కరస్పాండెంట్ ఫాదర్ గారి ముందుమాట, హెడ్మాస్టర్ల జాబితా, ర్యాంకులొచ్చిన పిల్లల ఫోటోలు. వచ్చిన అతిథులే తప్ప పెళ్లివారి ఇల్లు ఎక్కడా కనబడని పెళ్లి వీడియోలా ఉంటాయి. ఆ సందేశాల మర్యాద వాటికుంది, వాటిని అలాగే ఉండనీ. నీ వ్యాసం మాత్రం ఆ వరుసలో ఇంకో సందేశం కాకూడదు.

ఈ బడిని పెట్టిన కేథలిక్ గురువుల (ఫాదర్ల) సభకి ఎవరి పేరుందో ఒకసారి గుర్తు చేసుకో. పునీత (సెయింట్) ఫ్రాన్సిస్ డి సేల్స్. 1567లో పుట్టి 1622లో చనిపోయిన ఈయన జెనీవాకి పీఠాధిపతి. కానీ జెనీవా అప్పటికే ప్రొటెస్టెంట్ల చేతిలో ఉండటంతో అన్సీ పట్నం నుంచే పని చేశాడు. అంతకుముందు యువ గురువుగా షాబ్లే అనే ప్రాంతానికి ప్రసంగాలు చెయ్యడానికి వెళితే వినడానికి జనం రాలేదు. ఆయన వెనక్కి వచ్చెయ్యలేదు. చెప్పదలుచుకున్నది కాగితాల మీద రాసి, నకళ్లు తీయించి, ఇళ్ల తలుపుల కిందనుంచి లోపలికి తోయించాడు. గుడికి రానివాళ్లు ఇంట్లో కూర్చుని చదివారు. 1923లో పదకొండవ పియస్ పోపు ఈయన్ని రచయితలకీ పాత్రికేయులకీ పాలక పునీతుడిగా, అంటే వాళ్లకి అండగా ఉండే సెయింట్‌గా, ప్రకటించారు. నువ్వు రాస్తున్న బడికీ, నువ్వు చేస్తున్న పనికీ ఆయన ఒక్కడే పెద్దదిక్కు. నీ వ్యాసంలో ఆయన పేరు ఒక్కసారి కూడా రాలేదు!

ఈ ఉత్తరంలో నేను చెప్పదలుచుకున్నది ఆయన చేసిన పనే. వేడుక రోజు ముందు వరుసలో కూర్చునేవాళ్ల కోసం రాయకు. రానివాళ్ల కోసం రాయి. ఎనిమిదో తరగతిలో చదువు మానేసి హార్బర్ పనికి పోయినవాడు రాడు. ఇప్పుడు ఆటో నడుపుకుంటూ ఆ గేటు ముందునుంచే పోతాడు గానీ లోపలికి రాడు. ఏళ్ల తరబడి గంట కొట్టిన అటెండరుకి ఆహ్వానం అందకపోవచ్చు. ఆస్ట్రేలియాకో ఇంగ్లండుకో వెళ్లిపోయిన, యూరోపియన్, భారతీయ మూలాలు కలిసిన ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు రావు. నీ వ్యాసం వీళ్ల చేతికి అందితే 'అవును, ఇది మా బడే' అనుకోవాలి.

ఇక విషయానికి వస్తాను. 'ఫ్రెంచి ఫాదర్లు' వచ్చి స్కూలు పెట్టారని రాశావు. వాళ్లు మాట్లాడింది ఫ్రెంచే, కానీ వచ్చింది అన్సీ పట్నం ఉన్న సవాయ్ అనే కొండ ప్రాంతం నుంచి. అప్పట్లో సవాయ్ ఫ్రాన్సులో లేదు, సార్డీనియా రాజ్యంలో ఉండేది. ఫ్రాన్సులో కలిసింది 1860లో. ఈ సభని పియెర్ మెర్మియే అనే గురువు 1838లో అన్సీలో స్థాపించారు. సభ పుట్టి పదేళ్లు నిండకుండానే మనుషులు విశాఖలో దిగి బడి పెట్టేశారు. వాళ్లు కొండల్లో, మంచులో పుట్టినవాళ్లు. సూయజ్ కాలువ 1869లో గానీ తెరుచుకోలేదు. విశాఖకి అప్పటికి పోర్టు లేదు, అది 1933లో వచ్చింది. రైలు రావడానికి ఇంకా నలభై ఏళ్ల పైమాటే. ఓడ దూరంగా లంగరేస్తే మనుషులైనా సామానైనా మసూలా పడవల్లో అలలు దాటి ఒడ్డుకి చేరాల్సిందే. తెలుగు నేర్చుకుందామంటే బ్రౌన్ నిఘంటువు అచ్చుకి ఇంకా అయిదేళ్లుంది. అదే 1847లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని మొదలైంది. ఒకే ఏడు గోదావరి మీద రాళ్లు పేరుస్తున్నారు, విశాఖ ఒడ్డున పలకలు పట్టిస్తున్నారు. ఇదంతా నువ్వు 'ఆనాటి క్లిష్ట పరిస్థితులలో' అని మూడు ముక్కల్లో తేల్చేశావు. అక్కడ ఒక పేజీ రాయొచ్చు, రాయాలి కూడా. రెండేళ్ల తర్వాత, 1849లో, అదే అన్సీ నుంచి సెయింట్ జోసఫ్ సభ సిస్టర్లు యానాం చేరారు. ఆడపిల్లల చదువు కథ అక్కడినుంచి వేరే పాయగా మొదలవుతుంది. దాన్ని ఈ వ్యాసంలో ఇరికించకు, ఒక వాక్యం చాలు.

ఇప్పుడు రిజిస్టర్ గురించి. నాకు తెలిసినంతలో ఏ బడి చరిత్రకైనా అసలు పుస్తకం అడ్మిషన్ రిజిస్టరే. కోస్తాలో ఒక ఆర్.సి.ఎం. (రోమన్ కేథలిక్ మిషన్) బడిలో అలాంటిది నా చేతికిచ్చారు. అట్ట ఊడిపోయింది, ఉప్పుగాలికి కాగితం పెళుసెక్కి అంచులు రాలుతున్నాయి. గళ్లు చూశాను. వరుస నంబరు, చేరిన తేదీ, పేరు, తండ్రి పేరు, వృత్తి, మతం, కులం, పుట్టిన తేదీ, చేరిన తరగతి, మానేసిన తేదీ, మానేసిన కారణం. పుట్టిన తేదీల్లో చాలావరకు జూలై ఒకటే. ఇంట్లోవాళ్లకి తేదీ తెలియదు, బళ్లో వేసుకునేటప్పుడు మాస్టారే ఒకటి వేసేశారు. వృత్తి గడిలో కూలి, కలాసీ, చాకిరేవు, వంట, మళ్లీ కూలి. ఆఖరి గడిలో 'పనికి', 'పనికి', 'ఊరు వదిలిరి', 'పనికి'. ఒకచోట ఒక పేరు ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. దాని పక్కనే వేరే దస్తూరీలో మళ్లీ చేర్చుకున్నట్టు తేదీ వేసి, 'ఫీజు లేదు' అని రాసి, కింద ఎవరో పొడి అక్షరాల సంతకం పెట్టారు. ఆ కుర్రాడు ఎందుకు మానేశాడు? ఎవరు వెళ్లి పిలుచుకొచ్చారు? ఫీజు వద్దన్న ఆ మనిషి ఎవరు? హెడ్మాస్టర్ల జాబితా మొత్తంలో లేని కథ ఆ ఒక్క గీతలో ఉంది.

కాబట్టి ముందు రిజిస్టర్ చూడటానికి అనుమతి అడుగు. ఒక్క సంవత్సరం ఎంచుకో. 180 ఏళ్లనీ ఒక వ్యాసంలో చెప్పబోతే ఏదీ కనబడదు. 1942 నాకు నచ్చుతుంది. ఆ ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి, జనం ఇళ్లకి తాళాలేసి పల్లెలకి పోయారు. ఆ రోజుల హాజరు పట్టీ దొరికితే ఎవరు పోయారో, ఎవరు ఉండిపోయారో, జూన్‌లో ఎవరు తిరిగొచ్చారో చూడొచ్చు. దొరక్కపోతే వేరే ఏడాది తీసుకో.

స్కూలు పేరులోని 'ఆంగ్లో-ఇండియన్' అన్న మాట మీద నువ్వు ఆగనే లేదు. అది ఎవరి పిల్లల బడిగా నడిచింది, ఎప్పుడు అందరి బడి అయింది అన్నది నీ వ్యాసానికి వెన్నెముక కావాలి. రాజ్యాంగంలో 337వ అధికరణం చదువు. ఆంగ్లో-ఇండియన్ బడులకి వచ్చే గ్రాంటు మొదటి మూడేళ్లు అలాగే ఉండాలి, తర్వాత ప్రతి మూడేళ్లకీ పది శాతం తగ్గొచ్చు, పదేళ్లకి పూర్తిగా ఆగిపోవాలి. ఆ గ్రాంటు కావాలంటే ఏటా కనీసం 40 శాతం సీట్లు ఇతర వర్గాల పిల్లలకి అందుబాటులో ఉంచాలి. ఒక చట్టం బెంచీ మీద పక్కన కూర్చునేవాణ్ణి ఎలా మార్చిందో అక్కడ చూడొచ్చు. 1950ల్లో చదువుకున్న పెద్దాయన ఒక్కరు దొరికినా ఈ సంగతి అడుగు.

అడగటం గురించి కూడా చెప్పాలి. 'మీ స్కూలు గురించి చెప్పండి' అంటే ఎవరైనా 'డిసిప్లిన్ అండీ, ఆ రోజులే వేరు' అంటారు. నీ వ్యాసంలో నలుగురి చేత ఆ మాటే అనిపించావు. అలా అడగకు. 'మధ్యాహ్నం క్యారేజీ ఎక్కడ కూర్చుని తినేవారు, పక్కన ఎవరుండేవారు' అని అడుగు. 'కేథలిక్ పిల్లలు క్యాటకిజం (మతబోధ) క్లాసుకి పోతే మీరు మోరల్ సైన్స్‌లో ఏం చేసేవారు' అని అడుగు. ఇంగ్లీషు రానప్పుడు ఏం జరిగేదో అడుగు. క్రైస్తవుల పరలోకజపం ఇప్పటికీ నోటికి వచ్చా అని ఒక హిందువునో ముస్లింనో అడిగి చూడు, చాలామంది గడగడా అప్పజెప్పేస్తారు. ఎవరైనా 'నేను క్యారేజీ తెచ్చుకునేవాణ్ణి కాదండీ' అంటే వెంటనే తర్వాతి ప్రశ్నకి పోకు. కాసేపు ఊరుకో. మిగతాది ఆయనే చెప్తాడు.

రెండు చిక్కు సంగతులున్నాయి, వాటిని దాటేసి పోవద్దు. మొదటిది మతం. ఆ గురువులు తమ విశ్వాసాన్ని చాటడానికే వచ్చారు, ఆ సంగతి వాళ్లేమీ దాచుకోలేదు. చదువు చెప్పడం కూడా ఆ పిలుపులో భాగమే అనుకున్నారు. ఒకళ్లు 'మతం మార్చడానికే బడి పెట్టారు' అంటారు, ఇంకొకళ్లు 'సేవ తప్ప ఇంకేమీ లేదు' అంటారు. రెండో మాట వినడానికి బాగుంటుంది కాబట్టి వేడుకల్లో అదే చెల్లుతుంది. నువ్వు రెండు మాటల్నీ అరువు తెచ్చుకోకు. బళ్లో ఎవరు చేరారు, ఎంతమంది ఏ మతంగా చేరి ఏ మతంగా బయటికి వెళ్లారు, రిజిస్టర్ ఏమంటోంది, అది రాయి.

రెండోది కులం. ఇది ఇంకా సున్నితం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో బీసీ-సీ (వెనకబడిన తరగతుల్లో సీ గ్రూపు) కింద వేస్తారు. అంటే ఆరేళ్ల పిల్లాణ్ణి చేర్పించేటప్పుడు మతం గడిలో తండ్రి ఏం రాయిస్తాడన్న దాని మీద ఆ పిల్లాడి ఉద్యోగం దాకా ఆధారపడి ఉంటుంది. ఆదివారం పూజకి వెళ్లే కుటుంబం సోమవారం బడి ఆఫీసులో ఆ గడి దగ్గర ఆగి ఆలోచించాల్సి రావడం చిన్న బాధ కాదు. ఇంకో సంగతి కూడా ఆలోచించు. అదే సభ పల్లెల్లో ఫీజు లేని ఆర్.సి.ఎం. బడులూ నడిపింది, పట్నాల్లో ఫీజు కట్టే ఇంగ్లీషు బడులూ నడిపింది. ఆ రెండు రకాల బడుల పిల్లలు ఎక్కడైనా కలిశారా? ఇది అడిగితే కొందరికి నచ్చదు. అయినా అడుగు, మర్యాదగా అడుగు. కానీ ఒక మాట గట్టిగా చెప్తున్నాను. రిజిస్టర్‌లో కనబడిన ఏ కుటుంబం పేరూ, కులమూ, ఫీజు బాకీ అచ్చులోకి రాకూడదు. వాళ్లు బతికున్నా, పోయినా సరే. వాళ్ల అనుమతి ఉంటే తప్ప అది నీ సొత్తు కాదు.

పునీత అలోషియస్ గొంజాగా గురించి నువ్వు రాసిన పేరా బాగుంది, దాన్ని ఉంచు. 1568లో జమీందారీ ఇంట పుట్టి, ఆస్తి తమ్ముడికి వదిలేసి జెస్యూట్ అనే కేథలిక్ సభలో చేరి, రోములో ప్లేగు వచ్చినప్పుడు రోగుల్ని చూసుకుంటూ 1591లో ఇరవై మూడేళ్లకే పోయాడు. విద్యార్థులకి పాలక పునీతుడు కాబట్టి బడికి ఆయన పేరు పెట్టడం సహజం. అయితే 'త్యాగధనుడు', 'కారణజన్ముడు' లాంటి విశేషణాలు తీసెయ్. ఇరవై మూడేళ్లవాడు, ప్లేగు రోగిని చేతులతో మోసుకెళ్లాడు అంటే చాలు, చదివేవాడు ఆ తూకం తనే వేసుకుంటాడు.

ఇక టెన్షన్ పడుతున్నానని రాశావు, స్కూలు వాళ్లు ఏమనుకుంటారోనని. వాళ్లకి కృతజ్ఞత ఉండటం వేరు, వాళ్లకి నచ్చేలా రాయడం వేరు. నీకు అక్షరం నేర్పిన చోటు అది. దాన్ని ఉన్నదున్నట్టు చూసి రాయడంలో ప్రేమ ఉంది. చాలామంది ఫాదర్లు ఇది అర్థం చేసుకోగలవాళ్లే. ముందే వెళ్లి కరస్పాండెంట్ గారితో కూర్చుని, ఏం రాయబోతున్నావో చెప్పు. తేదీలూ పేర్లూ సరిచూడమని అడుగు. అభిప్రాయాలు మాత్రం నీవే.

ఎండాకాలం సెలవుల్లో ఆఫీసు ఖాళీగా ఉంటుంది, రిజిస్టర్లు తీయించడానికి అదే సమయం. పెన్ను తీసుకెళ్లకు, పెన్సిలే తీసుకెళ్లు, పాత కాగితం మీద సిరా పడితే పోదు. అడగకుండా పేజీల ఫోటోలు తియ్యకు, చేత్తో రాసుకో. జూన్ 21, పునీత అలోషియస్ పండుగ నాటికి ఆ ఒక్క సంవత్సరం మీద నాలుగు పేజీలు రాసి నాకు పంపు. మొదటి పేజీలో గంట కొట్టిన అటెండరు ఉంటే సంతోషిస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు