ఒకే ఊళ్లో మకాం పెట్టి ఎడారి లోయలన్నీ చూడొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. దసరా అయ్యాక మేమిద్దరం వెళ్తున్నాం. యూటా, అరిజోనా ఎడారి లోయలు చూపిస్తానని ఐదు రాత్రులకి ఐదు హోటళ్లు అనుకున్నాడు. జయన్, బ్రైస్, యాంటిలోప్, గ్రాండ్ కెన్యన్, మోయాబ్ అన్నీ ప్లాన్‌లో ఉన్నాయి. నాకు మోకాళ్ల నొప్పులు, మావారికి పూటకి రెండు ముద్దలైనా అన్నం పడాల్సిందే. రోజూ పొద్దున్నే సూట్‌కేసులు సర్దాలంటే ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది. ఒకే చోట ఉండి చూసి రావడం కుదరదా?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అన్నీ అంటే కుదరదండీ, చాలావరకు కుదురుతుంది. ముందు ఆ ప్లాన్‌లోంచి మోయాబ్ ఊరు తీసేయమనండి. మ్యాపులో పక్కపక్కనే ఉన్నట్టుంటాయి గానీ జయన్ నుంచి మోయాబ్‌కి కారులో సుమారు ఐదు గంటలు, అంటే ఒక రోజు రోడ్డుకే సరిపోతుంది.

మిగిలినవాటికి నా ఓటు కనాబ్‌కే. యూటా దక్షిణం కొసన, అరిజోనా సరిహద్దుని ఆనుకుని ఉన్న చిన్న ఊరు. అక్కడ్నుంచి జయన్ తూర్పు గేటుకి అరగంట పైచిలుకు, యాంటిలోప్ ఉన్న పేజ్ ఊరికి గంటంబావు, బ్రైస్‌కి గంటన్నర. మూడూ మూడు వైపులా ఉంటాయి, పొద్దున వెళ్లి రాత్రికి మళ్లీ అదే మంచం మీద పడుకోవచ్చు. చాలామంది స్ప్రింగ్‌డేల్‌లో ఉండమంటారు. జయన్ గేటు పక్కనే, ఊరు కూడా ముచ్చటగా ఉంటుంది, జయన్ ఒక్కటే చూసేవాళ్లకైతే నేనూ అదే చెబుతాను. కానీ అక్కడ్నుంచి బ్రైస్‌కి రెండు గంటలు, పేజ్‌కి అంతకన్నా ఎక్కువ, మీ పనికి అది దూరం.

గది తీసుకునేటప్పుడు కిటికీలోంచి కొండ కనిపిస్తుందా లేదా అన్నది తర్వాత, కిచెన్ ఉందో లేదో చూడమనండి. లాస్ వేగస్‌లో విమానం దిగి, అక్కడి ఇండియన్ స్టోర్‌లో బియ్యం, పెరుగు, నాలుగు కూరగాయలు కొనుక్కుని కారెక్కండి. దారి మూడున్నర, నాలుగు గంటలు, గడియారం ఇంకో గంట ముందుకి జరుగుతుంది. రోజూ పులిహోరో, పెరుగన్నమో డబ్బాలో పెట్టుకుని బయల్దేరితే మీవారితో ఇబ్బంది లేదు.

ఇక మోకాళ్ల సంగతి. జయన్‌లో మనం లోయ అడుగున ఉండి పైకి చూస్తాం, బ్రైస్‌లోనూ గ్రాండ్ కెన్యన్‌లోనూ అంచున నిలబడి కిందికి చూస్తాం. ఇది మీకు కలిసొచ్చే విషయమే. జయన్‌లో ఆ సీజన్లో అసలు లోయలోకి సొంత కార్లు రానివ్వరు, ఉచిత షటిల్ బస్సులుంటాయి, చివరి స్టాప్‌లో దిగితే నది పక్కన సిమెంటు బాట, దాదాపు చదునే. బ్రైస్‌లో సన్‌రైజ్ పాయింట్ నుంచి సన్‌సెట్ పాయింట్ దాకా అంచు వెంబడే నడవండి, చాలు. 'కొంచెం కిందికి దిగి చూద్దామా అమ్మా' అంటాడు అబ్బాయి. దిగకండి, ఎక్కేటప్పుడు తెలుస్తుంది. యాంటిలోప్‌లో అప్పర్, లోయర్ అని రెండున్నాయి, లోయర్‌లో నిటారు ఇనప నిచ్చెనలు, కాబట్టి అప్పర్‌కే బుక్ చేయించండి. అది నవాహో అనే అమెరికా ఆదివాసీ తెగ భూమి, గైడుతో తప్ప వెళ్లనివ్వరు. టికెట్ మీదున్న టైము పేజ్ టైము, అక్టోబరులో అది కనాబ్ కంటే గంట వెనక. ఫోన్‌ని నమ్ముకోకండి, చుట్టుపక్కల నవాహో ప్రాంతమంతా మళ్లీ యూటా టైమే పాటిస్తారు, సిగ్నల్‌ని బట్టి గడియారం అటూ ఇటూ గెంతుతుంది.

చలి గురించి చెప్పకపోతే మీరు మన డిసెంబరు శాలువాతో వెళ్లిపోతారేమో. బ్రైస్ 2,400 మీటర్లకు పైనే ఉంది, అక్టోబరు రాత్రుళ్లు సున్నాకి దిగుతుంది. మంకీ క్యాప్, గ్లౌజులు తప్పవు, బీపీ ఉంటే ఆ ఎత్తు గురించి డాక్టర్ని ముందే అడగండి. మధ్యాహ్నం మాత్రం ఎండే. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే రెండో రోజుకే పెదాలు పగులుతాయి, చిన్న కొబ్బరినూనె సీసా పడేసుకోండి. రాత్రి డ్రైవింగ్ తగ్గించమనండి, ఆ రోజుల్లో కనాబ్ చుట్టూ రోడ్ల మీదికి జింకలు వస్తాయి.

గ్రాండ్ కెన్యన్ సౌత్ రిమ్‌కి, అంటే దక్షిణపు అంచుకి, కనాబ్ నుంచి ఒక్కరోజులో వెళ్లి రావాలనుకోవద్దు. నాలుగు రాత్రులు కనాబ్‌లో ఉండి, పేజ్‌ని చివరికి ఉంచుకుని, ఆ రోజు సామానుతో సహా బయల్దేరి యాంటిలోప్ చూసుకుని, ఐదో రాత్రి సౌత్ రిమ్ గేటు బయట టుసాయన్‌లో పడుకోండి. మర్నాడు రిమ్ చూసి లాస్ వేగస్ చేరిపోవచ్చు. సూట్‌కేసు సర్దడం ఒక్కసారే!

డబ్బు సంగతి ఒకటి. 2026 నుంచి విదేశాల నుంచి వచ్చే 16 ఏళ్లు, ఆపైవాళ్లకి 11 నేషనల్ పార్కుల్లో మామూలు ప్రవేశ రుసుము కాక మనిషికి 100 డాలర్లు అదనం. మీరు చూసే జయన్, బ్రైస్, గ్రాండ్ కెన్యన్ మూడూ అందులో ఉన్నాయి. 250 డాలర్ల ఏడాది పాస్ కొంటే ఎలా లెక్కేసినా మీకు లాభమే.

ప్రశ్న: మేం నలుగురు ఫ్రెండ్స్, అందరం ముప్ఫై లోపే. మూడు రోజులే టైముంది. రాతి తోరణాలుండే ఆర్చెస్ పార్కు చూడాలి, బాగా నడవాలి. మకాం ఎక్కడ?
- మాదాపూర్ నుంచి ఒకరు

జవాబు: మోయాబే, ఆలోచించక్కర్లేదు. ఆర్చెస్ గేటు ఊరికి 8 కిలోమీటర్లు, పక్కనున్న కెన్యన్‌ల్యాండ్స్ పార్కులో ఐలాండ్ ఇన్ ద స్కై వైపు సుమారు 50. అదే పార్కులో నీడిల్స్ వైపు వెళ్లాలంటే మాత్రం పోనూ గంటన్నర, దానికో రోజు విడిగా పెట్టుకోండి. ఆర్చెస్‌లో డెలికేట్ ఆర్చ్ అనే తోరణం దగ్గరికి సూర్యాస్తమయం వేళకి అందరూ ఎక్కుతారు, మీరూ ఎక్కండి, దారిలో నీడ లేదు కాబట్టి మనిషికి రెండు లీటర్ల నీళ్లు పట్టుకోండి. దిగేది చీకట్లో. తలకి కట్టుకునే లైట్లు నాలుగు ఉండాలి, ఒకటి తెచ్చి నలుగురూ దాని వెనక నడవడం కాదు.