టోక్యో ఇంపీరియల్ ప్యాలెస్ గైడెడ్ టూర్‌లో పాత ‘ఎదో’ కోట (ఎదో అంటే టోక్యో పాత పేరు) కనిపిస్తుందా? ఒక్క పూటే టైముంటే వెళ్లొచ్చా?

వెళ్లండి. కాకపోతే టూర్ అయిపోగానే హోటల్‌కి తిరిగొచ్చేయకండి. గైడ్ చూపించేది ఎక్కువగా చక్రవర్తి ప్యాలెస్ ఆవరణ. షోగన్లు (చక్రవర్తి పేరు మీద దేశాన్ని నడిపిన సైనికాధిపతులు) ఏలిన కోట నడిబొడ్డు పక్కనే ఈస్ట్ గార్డెన్స్‌లో ఉంది. దానికి టికెట్టూ లేదు, బుకింగూ లేదు. వ్లాగర్లు పట్టించుకోకపోవడానికి అదే కారణమేమో.

ముందు వారం చూసుకోండి. టూర్ ఆది, సోమవారాల్లో ఉండదు. గార్డెన్స్‌కి సోమ, శుక్రవారాలు సెలవు. రెండూ ఒకే పూట కుదిరేది మంగళ, బుధ, గురు, శనివారాల్లోనే. సోమవారం ప్రభుత్వ సెలవైతే గార్డెన్స్ ఆ రోజు తెరిచి మంగళవారం మూస్తారు. చాలామంది బోల్తా పడేది అక్కడే.

ఉదయం 10 గంటల టూరే పట్టండి. మధ్యాహ్నం 1:30 టూర్ అయితే చలికాలంలో గార్డెన్స్ చూడ్డానికి కాస్త సమయమే మిగులుతుంది. ఒరిజినల్ పాస్‌పోర్టు దగ్గరుండాలి. కిక్యోమోన్ గేటు దగ్గర మొదలై సుమారు 75 నిమిషాలు, రెండు కిలోమీటర్ల పైచిలుకు నడక. ఏ భవనంలోకీ పోనివ్వరు. బాత్రూం పని మొదట కూర్చోబెట్టే హాల్లోనే కానిచ్చేయండి. 1968లో పూర్తయిన ప్యాలెస్ ముందున్న మైదానంలో నీడే ఉండదు, ఎండాకాలమైతే టోపీ మర్చిపోవద్దు. నిజుబాషి అని అందరూ బయట నిలబడి ఫొటో తీసుకునేది ముందున్న రాతి వంతెనని. టూర్ నడిపించేది దాని వెనకున్న ఇనుప వంతెన మీద. ఆ ఒక్క చోటు కోసమైనా టూర్ దండగ కాదు.

బయటికొచ్చాక ఉత్తరంగా కొద్ది నిమిషాలు నడిస్తే గార్డెన్స్‌లోకి పోయే కోట ప్రధాన ద్వారం ఓతెమోన్. చిన్న తలుపు దాటగానే చదరపు ఆవరణ, అక్కడ లంబకోణంలో తిరిగితే పెద్ద ద్వారం. దూసుకొచ్చిన శత్రువు ఆ మలుపులో ఆగిపోతే పైనుంచి కొట్టడానికే ఆ ఏర్పాటు. జనం దాన్ని పట్టించుకోకుండా పూల దగ్గరికి పరుగెడతారు.

లోపల ముఖ్యంగా చూడాల్సింది హొన్మారు (కోట నడిమి భాగం) పచ్చికకి ఉత్తరం చివరున్న రాతి దిమ్మె. 1638లో పూర్తయిన మహాబురుజు 1657లో ఊరిని కాల్చేసిన మెయిరెకి అగ్నిప్రమాదంలో కాలిపోయింది. మరుసటి ఏడాది మయెదా అనే సామంత వంశం గ్రానైట్‌తో ఈ 11 మీటర్ల ఎత్తు దిమ్మె కట్టింది. పైన బురుజు మాత్రం లేవలేదు. చుట్టుపక్కల చూడ్డానికి తప్ప పనికిరాని బురుజు కన్నా కాలిపోయిన ఊరు నిలబెట్టడం ముఖ్యమని షోగన్ సలహాదారు హోషినా మసాయుకి అడ్డుపడ్డాడు. రాళ్ల మీద మంటకి పెచ్చులూడిన మచ్చలు కనిపిస్తాయి. అవి 1657 నాటివని ఎవరైనా చెబితే నమ్మకండి, ఈ దిమ్మె పుట్టిందే ఆ మంటల తర్వాత. 1863లో ఎదురుగా ఉన్న షోగన్ ప్యాలెస్ కాలినప్పటి మచ్చలవి.

మహాబురుజు లేని లోటు తీర్చింది 1659లో మళ్లీ కట్టిన మూడంతస్తుల ఫుజిమి యగురా అనే కాపలా బురుజు. టూర్‌లో దాన్ని గోడ కింద నుంచి తలెత్తి చూస్తారు. హొన్మారు దక్షిణం కొసకి పోతే పైన దగ్గర్నుంచి చూడొచ్చు. ముందు అది చూసుకుని తర్వాత దిమ్మె దగ్గరికి రండి, ఎందుకంటే దిమ్మె వెనకే కితహనెబాషి గేటుంది. అటే బయటపడితే వచ్చిన దారంతా మళ్లీ నడిచే పని తప్పుతుంది.