ప్రశ్నలు – జవాబులు: ఆన్‌లైన్ ఆటల్లో చేతికందని ఆ ఒక్క వస్తువు

ఆన్‌లైన్ ఆటల్లో వస్తువులు సేకరించడం గురించి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి మూడు ఉత్తరాలు వచ్చాయి. మూడింటిలోనూ బాధ దాదాపు ఒకటే కనుక వాటిని ఒకేచోట ప్రచురిస్తున్నాము. పేర్లు వేయవద్దని రాసినవారు కోరారు.

ప్రశ్న: పత్తికొండలో ఒక టమాటా మండీలో లెక్కలు రాసే ఉద్యోగం నాది. రాత్రి ఇంటికి వచ్చాక కంప్యూటర్‌లో ఒక ఆన్‌లైన్ ఆట ఆడతాను. అందులో స్వారీకి పనికివచ్చే జంతువులను సేకరించడం నాకు చాలా ఇష్టం. ఎన్నో వచ్చాయి కానీ ఒక్క గుర్రం మాత్రం ఏళ్లు గడిచినా రాలేదు. దాన్ని ఇచ్చే బాస్‌తో, అంటే ఆటలోని పెద్ద శత్రువుతో, వారానికి ఒక్కసారే పోరాడనిస్తారు. డ్రాప్ రేటు, అంటే గెలిచిన ఒక్కోసారి అది పడే అవకాశం, 1 శాతమని ఆటగాళ్లందరూ అంటారు. నేను నూరుసార్లు ఎప్పుడో దాటాను. మా గిల్డ్‌లో (కలిసి ఆడే మా బృందంలో) కొత్తగా చేరిన కుర్రవాడికి మొదటి వారమే అది దొరికింది. లెక్క ప్రకారం నాకు ఇప్పటికే వచ్చి ఉండాలి కదా? ఇంకా ఎన్నిసార్లు ఆడాలి?
– ఒక పాఠకుడు, పత్తికొండ

జవాబు: మీరు లెక్కలు రాసేవారు కనుక ముందు లెక్కతోనే మొదలుపెడతాము. 1 శాతం అంటే నూరుసార్లలో ఒకసారి తప్పక వస్తుందని అర్థం కాదు. ఒక్కో ప్రయత్నంలో గుర్రం రాకపోయే అవకాశం 99 శాతం. నూరు ప్రయత్నాల్లో ఒక్కసారి కూడా రాకపోయే అవకాశం ఎంతో తెలియాలంటే 0.99ను నూరుసార్లు దానితోనే గుణించాలి. ఫలితం సుమారు 0.366. అంటే మీలాగే నూరుసార్లు ఆడిన ప్రతి వందమందిలో దాదాపు 37 మంది ఉత్తచేతులతోనే ఉంటారు. రెండువందల సార్లు ఆడినా 13 మందికి, మూడువందల సార్లు ఆడినా సుమారు 5 మందికి రాదు. గుర్రం వచ్చే అవకాశం 99 శాతానికి చేరాలంటే 459 సార్లు ఆడాలి. వారానికి ఒక్కసారి చొప్పున అది దాదాపు తొమ్మిదేళ్ల పని, అప్పటికీ నూటికి ఒక్కరు మిగిలిపోతారు. లక్షలమంది ఆడే ఆటలో అలా మిగిలిపోయేవారు వేలల్లో ఉంటారు. వారిలో మీరొకరు కావడానికి మీ జాతకంలోగాని, ఆటతీరులోగాని లోపం ఉండనక్కరలేదు. ఆ కుర్రవాడికి వచ్చింది మీ వాటాలో నుంచి తీసి ఇచ్చింది కాదు. అతని లెక్క వేరు, మీ లెక్క వేరు.

ఇన్నిసార్లు రాలేదు కనుక ఇక రాక తప్పదన్న నమ్మకం మనిషికి చాలా సహజంగా కలుగుతుంది. 1913 ఆగస్టు 18న మాంటే కార్లో కాసినోలో రౌలెట్ అనే ఎరుపు, నలుపు గళ్ల జూదపు చక్రం మీద నలుపు వరుసగా 26 సార్లు పడింది. ఇక ఎరుపు పడి తీరుతుందని పందెం పెంచుకుంటూ పోయినవారు భారీగా నష్టపోయారు. అంతకుముందు ఏం పడిందో చక్రానికి గుర్తుండదు. మీ ఆటలోని బాస్‌కు కూడా, ప్రత్యేకంగా గుర్తుపెట్టుకొమ్మని ఎవరైనా ప్రోగ్రామ్‌లో రాస్తే తప్ప, మీరు గతవారం వచ్చి వెళ్లిన సంగతి తెలియదు. వచ్చేవారం కూడా మీ అవకాశం అదే 1 శాతం.

అయితే ఇంత లెక్క చెప్పి, కనుక మీ కోపం అర్థంలేనిదని ముగించడం న్యాయం కాదు. తొలకరి వానలు పడగానే మీకు దగ్గరలోని తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలాల్లోనూ, అటు అనంతపురం జిల్లా వజ్రకరూరు ప్రాంతంలోనూ జనం వజ్రాల కోసం నేలను చూస్తూ తిరగడం మీరు ఎరిగిందే. వానకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు బయటపడతాయి; ఒకరికి దొరుకుతుంది, పక్కనే వంగి వెతుకుతున్న మరొకరికి సీజనంతా దొరకదు. అక్కడ దొరకనివారు ఎవరినీ నిందించలేరు, ఎందుకంటే ఏ చేనులో ఎన్ని రాళ్లు ఉండాలో నిర్ణయించినవారు లేరు. ఆట సంగతి అలా కాదు. ఆ గుర్రానికి 1 శాతం చాలునని, దానికోసం వారానికి ఒక్కసారే రానివ్వాలని ఒక సంస్థలో కొందరు కూర్చొని నిర్ణయించారు. అది తలరాత కాదు, ప్రోగ్రామ్‌లో రాసిన సంఖ్య. అవతలివారు తలచుకుంటే రేపే మార్చగలిగిన సంఖ్య.

ఎందుకలా నిర్ణయిస్తారంటే, ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి మనిషిని ఎక్కువకాలం నిలబెడుతుంది. ప్రయోగశాలలో పావురాలతో, ఎలుకలతో ఎన్నో పరిశీలనలు చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్, చార్లెస్ ఫెర్‌స్టర్‌తో కలిసి 1957లో ఈ విషయం మీద ఒక పెద్ద గ్రంథమే ప్రచురించారు. ఎన్నోసారి మీట నొక్కితే గింజ పడుతుందో ముందుగా తెలియనప్పుడు ప్రాణి ఆగకుండా నొక్కుతుంది, గింజలు ఆపేసిన తరువాత కూడా చాలాసేపు నొక్కుతూనే ఉంటుంది. నెలనెలా చందా కట్టించుకునే ఆటకు ఇంతకంటే కావలసిందేముంది?

ఇంకో విధంగా చేయడం సాంకేతికంగా కష్టమేమీ కాదు. డోటా 2 ఆటలో కొన్ని దెబ్బలకు వాడే పద్ధతిలో, ఒకసారి తగలకపోతే తరువాతిసారికి అవకాశం కొంత పెరుగుతుంది, తగలగానే మళ్లీ మొదటికి వస్తుంది. దానివల్ల మరీ సుదీర్ఘమైన నిరాశ ఎవరికీ ఎదురుకాదు. డయాబ్లో 3 ఆటలో మొదట్లో పడే వస్తువుల్లో చాలావరకు ఆడుతున్న పాత్రకు పనికిరానివే ఉండేవి. ఆటగాళ్ల అసంతృప్తిని చూసి 2014లో ఆ విధానాన్ని మార్చి, తక్కువ వస్తువులే అయినా పాత్రకు తగినవి ఎక్కువగా పడేటట్లు చేశారు. 2020లో వచ్చిన గెన్షిన్ ఇంపాక్ట్‌లో అత్యంత అరుదైన ఐదు నక్షత్రాల పాత్ర వచ్చే ప్రాథమిక అవకాశం 0.6 శాతమే అయినా, 90వ ప్రయత్నానికి ఒకటి తప్పక ఇస్తారు. ఈ చివరిదాన్ని మేము పూర్తిగా మెచ్చుకోలేము. అక్కడ ప్రయత్నాలను డబ్బుతో కూడా కొనవచ్చు కనుక ఆ హామీ ఒకరకంగా ధరల పట్టిక కూడా అవుతుంది. అయినా పైహద్దు ఎక్కడుందో తెలియడం, ఏమీ తెలియకపోవడంకంటే మేలు.

ఇక మీరేం చేయాలి? ఆ బాస్‌తో పోరాటం, గిల్డ్ మిత్రులతో గడిపే ఆ గంట మీకు ఇప్పటికీ సంతోషాన్ని ఇస్తుంటే నిశ్చింతగా కొనసాగించండి. గుర్రం వస్తే వస్తుంది. గుర్రం తప్ప ఆ వారపు ఆటలో మరేమీ మిగల్లేదని, పోరాటం మొదలయ్యేసరికే విసుగు పుడుతోందని అనిపిస్తే, ఇంతకాలం ఆడిందంతా వృథా అవుతుందన్న భయంతో మాత్రం పొడిగించకండి. ఇప్పటివరకు పెట్టిన కాలం తరువాతి ప్రయత్నపు అవకాశాన్ని అర శాతం కూడా పెంచదు. మిగిలిన సేకరణను చూసుకొని ఆనందించే హక్కు ఒక్క గుర్రం లేనంత మాత్రాన పోదు.

ప్రశ్న: అయ్యా, గుంతకల్లులో కుట్టుపని చేసుకుంటూ సంసారం నడుపుతున్నాను. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి నా ఫోన్‌లో ఆట ఆడుతూ పెట్టెలు కొంటున్నాడు. వాటిలో తుపాకులకు రంగులు, బట్టలు వస్తాయట. ఒక సెట్టు పూర్తి చేస్తే ఇంకేదో ప్రత్యేకమైనది ఇస్తారట. "ఇంకా రెండే మిగిలాయి, అవి రాగానే ఆపేస్తానమ్మా" అని ప్రతిసారీ అంటున్నాడు. వాడు అబద్ధమాడే పిల్లవాడు కాదు. ఆ రెండూ ఎందుకు రావడం లేదు?
– ఒక తల్లి, గుంతకల్లు

జవాబు: అమ్మా, మీ అబ్బాయి నిజమే చెబుతున్నాడు, కానీ ఆ మాటలో ఉన్న ఖర్చు అతనికి తెలిసినట్లు లేదు. ఒక సెట్టులో 20 వస్తువులున్నాయని, ప్రతి పెట్టెలో వాటిలో ఏదైనా ఒకటి సమానమైన అవకాశంతో వస్తుందని అనుకుందాం. మొదటి పది వస్తువులు సగటున 13 పెట్టెల్లోనే చేతికి వస్తాయి, ఎందుకంటే అప్పటికి దాదాపు ఏది వచ్చినా కొత్తదే. తరువాత వచ్చినవే మళ్లీ మళ్లీ వస్తాయి. మొత్తం సెట్టుకు సగటున 72 పెట్టెలు పడతాయి. చివరి రెండింటికే సగటున 30 పెట్టెలు అవసరమవుతాయి, ఆ రెండింటిలో ఆఖరి ఒక్కదానికే 20. పెట్టె 50 రూపాయలనుకుంటే ఆ "రెండే" 1,500 రూపాయలు. పైగా ఇది అన్నిటికీ సమానమైన అవకాశం ఇచ్చినప్పటి లెక్క. నిజంగా సెట్లు తయారుచేసేవారు ఒకటి రెండింటిని మిగతావాటికంటే చాలా అరుదుగా ఉంచుతారు, అప్పుడు ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. దాదాపు పూర్తయిందన్న భావన కలిగేసరికి నిజానికి ఖర్చులో పెద్ద భాగం ఇంకా మిగిలే ఉంటుంది. మాకు అన్నిటికంటే అన్యాయంగా తోచేది ఇదే, ఎందుకంటే సగం సెట్టు ఉన్న పిల్లవాడికి అది కనబడదు.

ఇలాంటి సెట్ల పద్ధతినే జపాన్‌లో 2012లో అక్కడి వినియోగదారుల వ్యవహారాల సంస్థ చట్టవిరుద్ధమని తేల్చింది. లాటరీగా వచ్చే వస్తువులన్నీ కూడబెడితేనే బహుమతి ఇస్తామనడం కొనుగోలుదారును తప్పుదోవ పట్టిస్తుందన్నది అక్కడి వాదన. డబ్బిచ్చి కొనే పెట్టెలను 2018లో బెల్జియం జూదం కిందకే చేర్చింది. చైనాలో 2017 మే నుంచి అవకాశాల శాతాలను ప్రకటించడం తప్పనిసరి చేశారు. ఆపిల్ సంస్థ కూడా అదే ఏడాది చివర తన స్టోర్‌లోని ఆటలకు ఆ నియమం పెట్టింది, తరువాత గూగుల్ ప్లే కూడా పెట్టింది. కనుక మీ అబ్బాయి ఆడే ఆటలో ఆ శాతాల పట్టిక ఎక్కడో ఒకచోట ఉండాలి. సాధారణంగా పెట్టె బొమ్మ పక్కన చిన్న గుర్తు నొక్కితే కనబడుతుంది. అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకొని, ఆ పట్టిక తెరిపించి, మిగిలిన రెండింటి శాతమెంతో అతనిచేతనే చదివించండి. ఒక్కోదానికి 0.5 శాతమని ఉంటే, అందులో ఏ ఒక్కటి రావాలన్నా సగటున 200 పెట్టెలని అతనే లెక్క కట్టగలడు. మీరు పది రోజులు మందలించినా కలగని మార్పు ఆ లెక్క అతని చేతిరాతలో ఉన్నప్పుడు కలగవచ్చు.

ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేటట్లు పెట్టుకోండి, యూపీఐ పిన్ మార్చండి. ఆటను మాత్రం అతనికి చెప్పకుండా ఫోన్‌లోంచి తీసేయకండి. అందులో ఉన్నవి మనకు వట్టి బొమ్మలే కావచ్చు, అతనికి నెలల తరబడి కూడబెట్టుకున్న ఆస్తి.

ప్రశ్న: మా హాస్టల్‌లో అర్ధరాత్రి పన్నెండుకు పెట్టె తెరిస్తే మంచివి పడతాయని కొందరు, కొత్త అకౌంట్‌కు ఎక్కువ ఇస్తారని కొందరు, డబ్బు ఖర్చుపెట్టేవారికి కావాలనే తగ్గిస్తారని మరికొందరు అంటారు. వీటిలో నిజమెంత?
– ఒక డిగ్రీ విద్యార్థి, ప్రొద్దుటూరు

జవాబు: ఏం పడాలన్నది పెట్టె తెరిచిన క్షణాన ఆట సంస్థ సర్వర్‌లో తేలుతుంది. గోడగడియారానికి దానితో సంబంధం లేదు. స్కిన్నర్ 1948లో పావురాలకు, అవి ఏం చేసినా చేయకపోయినా, నిర్ణీత వ్యవధిలో గింజలు వేయించారు. గింజ పడిన సమయానికి తాను చేస్తున్న పనే దాన్ని తెచ్చిందన్నట్లు ఒక పావురం గుండ్రంగా తిరగసాగింది, ఇంకొకటి పంజరంలోని ఒక పైమూలలోకి పదేపదే తల చాపసాగింది. అర్ధరాత్రి ఒకసారి మంచి వస్తువు పడిన మిత్రుడి నమ్మకం కూడా ఆ కోవలోదే.

కొత్త అకౌంట్‌కు ఎక్కువ ఇస్తారన్న మాట నిజమో కాదో ఒకరిద్దరి అనుభవంతో తేలదు. మూడో అనుమానాన్ని మాత్రం అంత సులభంగా కొట్టిపారేయలేము. దక్షిణ కొరియాలో మేపుల్‌స్టోరీ ఆటలో ఆయుధాల శక్తులను మార్చే క్యూబ్‌లనే వస్తువుల విషయంలో, ఆటగాళ్లు ఎక్కువగా కోరుకునే శక్తులు వచ్చే అవకాశాన్ని చెప్పకుండా తగ్గించారని ఆ దేశపు ఫెయిర్ ట్రేడ్ కమిషన్ నిర్ధారించి, 2024 జనవరిలో నెక్సాన్ సంస్థకు 1,160 కోట్ల వన్‌లకు (అక్కడి కరెన్సీ) పైగా జరిమానా విధించింది. అదే ఏడాది మార్చి నుంచి అక్కడ శాతాలను ప్రకటించడం చట్టరీత్యా తప్పనిసరి అయింది. అనుమానించడం తప్పు కాదని ఈ ఉదాహరణే చెబుతుంది. అనుమానాన్ని నిరూపించడానికి ఒక్కరి చేదు అనుభవం చాలదు, అంతే.

మీ హాస్టల్‌లో ఒకే ఆట ఆడేవారు పదిమంది ఉంటే ఒక పని చేయవచ్చు. ఫలానా తేదీ నుంచి తెరిచే ప్రతి పెట్టెనూ, మంచిది వచ్చినా రాకపోయినా, ఒకే నోటుపుస్తకంలో రాయండి. నిరాశ కలిగినవే రాసి, కలిసొచ్చినవి వదిలేస్తే ఆ లెక్కకు విలువ ఉండదు. ఇందుకోసమని అదనంగా ఒక్క రూపాయి కూడా ఖర్చుపెట్టవద్దు, ఆటలో ఉచితంగా వచ్చే పెట్టెలు చాలు. ప్రకటించిన శాతం 1 అయితే, ఒక్కరు నూరు పెట్టెలు తెరిచి ఏమీ పొందకపోవడం, పైన పత్తికొండ పాఠకుడికి చెప్పినట్లు, మామూలు విషయమే. అందరివీ కలిపి వెయ్యి పెట్టెల్లో ఒక్కటీ రాకపోతే మాత్రం, అది కేవలం దురదృష్టం కావడానికి ఉన్న అవకాశం లక్షలో నాలుగు. అప్పుడు ఆ పుస్తకం పేజీలను ఫోటోలు తీసి సంస్థకు పంపి జవాబు అడగండి. జవాబు వస్తే ఈ శీర్షికకు కూడా పంపండి, ప్రచురిస్తాము.