చైనా వంటవాడు, తెనాలి మనవరాలు

ప్రశ్న: మా మనవరాలు టెక్సాస్‌లో పుట్టింది. అమ్మాయి, అల్లుడు ఇంకా వీసా మీదే ఉన్నారు. మొన్న ఫోన్లో అల్లుడు ‘పాప పౌరసత్వం ఒక చైనా వంటవాడి పుణ్యం’ అన్నాడు. వేళాకోళమా, నిజమా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిజమేనమ్మా. ఆ వంటవాడి పేరు వాంగ్ కిమ్ ఆర్క్. 1873లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. అతనికి తొమ్మిదేళ్లప్పుడు, 1882లో, చైనా కూలీలు అమెరికాలో అడుగు పెట్టకూడదని చట్టం వచ్చింది. అప్పటికే ఉన్నవాళ్లకు కూడా పౌరసత్వం ఇవ్వొద్దని అందులోనే రాశారు. కొండలు తొలిచి రైలుదారి వేయించుకున్నది ఈ చైనావాళ్ల చేతనే! దారి 1869లో పూర్తయింది, ఆ తర్వాత వాళ్లు బరువయ్యారు.

వాంగ్ 1894లో చైనా వెళ్తూ, తాను ఇక్కడే పుట్టానని తెల్లవాళ్ల చేత సాక్షి సంతకాలు పెట్టించుకుని మరీ వెళ్లాడు. మరుసటి ఏడాది ఆగస్టులో తిరిగొస్తే సుంకం అధికారి దిగనివ్వలేదు. పుట్టిన ఊరు కళ్లెదుటే ఉంది, మనిషి మాత్రం నెలల తరబడి రేవులో ఓడల మీదే బందీ. ‘తల్లిదండ్రులు చైనా చక్రవర్తి ప్రజలు, కాబట్టి ఇతనూ అంతే’ అన్నది సర్కారు వాదన. ఆ తల్లిదండ్రులు పౌరులు కాకుండా అడ్డుపడింది తామేనన్న సంగతి వాళ్లకు గుర్తు రాలేదు కాబోలు!

1898 మార్చిలో సుప్రీంకోర్టు 6–2తో వాంగ్ పక్షాన తీర్పిచ్చింది. 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణ ప్రకారం ఇక్కడ పుట్టినవాడు ఇక్కడి పౌరుడేనంది. అంతటి తీర్పు గెలిచినవాణ్ణి 1901లో టెక్సాస్‌లోనే, ఎల్‌పాసోలో, మళ్లీ పట్టుకుని రుజువు చూపించమన్నారు. 1910లో పెద్దకొడుకు వస్తే, నీ కొడుకని నమ్మలేమని వెనక్కి పంపేశారు. తీర్పు కాగితం ఒకటి, గుమ్మంలో కూర్చున్న గుమాస్తా ఒకటి.

1882 చట్టాన్ని ఎత్తేసింది 1943లో, అదీ యుద్ధంలో చైనా తమవైపు ఉంది గనక. అప్పుడైనా ఇచ్చిన వాటా ఏడాదికి 105 మందికి! మన దేశానికి 1917లోనే తలుపు మూశారు. 1946లో తెరిచినా ఏటా వందమందికే.

అల్లుడుగారికి ఒక్క మాట చేర్చి చెప్పండి: పాప పౌరసత్వానికి వాంగ్ కారణమైతే, మనవాళ్లు అన్ని వేలమంది అక్కడికి వెళ్లగలగడానికి కారణం 1965 చట్టం. దేశాలవారీ పాత వాటాలను తీసేసింది అదే.