లాయరు లేకుండానే అడుగు, రమేశ్

లౌతోకా

చిరంజీవి రమేశ్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. నీ చేత ఇంటికి రంగులు వేయించుకొని 2,800 డాలర్లు ఇవ్వనివాడు నిశ్చింతగా తిరుగుతున్నాడు. నువ్వేమో లాయరుకే అంత అవుతుంది, వదిలేస్తానంటున్నావు. వదలవద్దు నాయనా. ఫిజీలో 5,000 డాలర్ల లోపు తగాదాల కోసమే స్మాల్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ఉంది. అక్కడ లాయర్లు వాదించరు. అతడి మాట అతడు, నీ మాట నువ్వు చెప్పుకోవాలి. తగాదా వినే అధికారి, అంటే రెఫరీ, మొదట రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే తీర్పు ఇస్తారు. ఫారం కోసం మీ బా పట్టణంలోని మేజిస్ట్రేటు కోర్టు కార్యాలయంలో అడుగు.

నేను ఆ గడప మొదటిసారి తొక్కింది ఇంటి అడ్వాన్సు కోసం. ఇల్లు ఖాళీ చేసినా యజమాని 600 డాలర్లు తిరిగి ఇవ్వలేదు. న్యాయం నా వైపే ఉందన్న ధీమాతో వట్టి చేతులతో వెళ్లాను. రసీదు ఏదమ్మా అని అడిగితే నోరు పెగల్లేదు. ఓడిపోయాను. ఆ రోజు నుంచి ఎవరికి ఒక్క డాలరు ఇచ్చినా తేదీ వేసి సంతకం పెట్టించుకుంటున్నాను. నీ దగ్గర ఒప్పంద పత్రం లేదని కంగారు పడకు. ఎంతకు మాట్లాడుకున్నారో, ఏ రోజు ఏ గది పూర్తయిందో, అతడు ఎప్పుడెప్పుడు వాయిదా వేశాడో మరుపు రాకముందే ఈ రాత్రే వరుసగా రాసి పెట్టు.

ఇంగ్లీషు రాదని సిగ్గుపడకు. హిందీలో చెప్పుకుంటానని ఫారం ఇచ్చేటప్పుడే చెప్పు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి వచ్చిన మన తెలుగు, తమిళ గిర్మిట్ (ఒప్పంద) కూలీలకు చెరకు తోటల్లో నడిచే హిందుస్తానీ కూడా కొత్త భాషే. అప్పగించిన పని పూర్తి కాలేదని వాళ్లను కోర్టుకు లాగి జరిమానాలు వేసేవారు. తమ మీద మోపిన నేరమేమిటో సరిగా అర్థంకాకుండా అక్కడ నిలబడినవాళ్లు ఎందరో అని తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. అందుకే అంటున్నాను, అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టవద్దు. చదివి వినిపించమని అడగడం తప్పు కాదు.

మరో సంగతి. తీర్పు వచ్చిన రోజే డబ్బు చేతికి వస్తుందనుకోకు. అతడు కట్టకపోతే ఆ తీర్పును అమలు చేయించమని మళ్లీ కోర్టునే అడగాలి. చాలామంది అక్కడే విసిగిపోయి ఆగిపోతారు. నువ్వు ఆగవద్దు.

పొరుగింటి అబ్బాయిని పోలీసులు తీసుకువెళ్లారని రాశావు. అతడి తల్లిని వెంటనే లీగల్ ఎయిడ్ కమిషన్‌కు వెళ్లమను. ఆదాయం తక్కువైతే వాళ్లు లాయరును ఉచితంగా ఇస్తారు. అరెస్టు చేసినవాడిని సాధ్యమైనంత త్వరగా, మామూలుగా 48 గంటల్లోగా కోర్టు ముందుకు తీసుకురావాలని 2013 రాజ్యాంగం చెబుతోంది.

ఎదురింటి ఆమె విషయంలో మాత్రం నేను గట్టిగానే చెబుతాను. భర్త కొట్టాడని తెలిసి పెద్దలు బులుబులు అనే ఫిజీ రాజీ ఆచారం జరిపి, తిమింగలం దంతం సమర్పించి క్షమాపణ చెప్పించారన్నావు. ఆ ఆచారమంటే నాకు గౌరవమే. కానీ మళ్లీ కొట్టకుండా ఆపే ఆదేశం కోర్టు ఇవ్వగలదు. 2009లో వచ్చిన గృహహింస చట్టం ఆమెకు ఆ హక్కు ఇచ్చింది. క్షమించినంత మాత్రాన ఆ హక్కు పోదని ఆమెకు అర్థమయ్యేలా నీ భార్య చేత చెప్పించు.

శనివారం ఉదయం బస్సుకు వచ్చేయ్. రంగుల కొట్టు రసీదులు, అతడు పంపిన ఫోను సందేశాలు, గోడల ఫొటోలు ఉంటే అవీ తీసుకురా. భోజనాల ముందే ఇద్దరం కూర్చుని ఫారం నింపుదాం.

ఇట్లు
మీ పెద్దమ్మ